నల్లకుంట నుంచి నాంపల్లి దాకా

హైదరాబాదు శాలిబండలో నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో కొందరు అక్కా అంటారు, కొందరు ఆపా అంటారు. భయం మాత్రం ఒకటే: "కోర్టులో ఏమేం అడుగుతారు?" న్యాయ సేవల వాలంటీరుగా వాళ్ల వెంట నాంపల్లి కోర్టుకు వెళ్తుంటాను. ఆ భయం ఊరికే పుట్టింది కాదు.

1978 మార్చి చివర్లో, సినిమా చూసి భర్తతో ఇంటికి పోతున్న యువతిని పోలీసులు నల్లకుంట స్టేషనుకు పట్టుకుపోయారు. అక్కడ ఆమెపై అత్యాచారం జరిగింది. ఇదేమిటని అడిగిన భర్తను, రిక్షా తొక్కుకుని బతికే మనిషిని, చచ్చేలా కొట్టారు. జనం అతని శవాన్ని స్టేషను ముందుకు తెచ్చారు. కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. ఆమె పేరు అప్పట్లో పత్రికలన్నిటా వచ్చింది. నేను రాయను. బాధితురాలి పేరు బయటపెట్టకూడదన్న చట్టం 1983లో గానీ రాలేదు. అప్పుడు దక్కని ఆ మర్యాద ఆమెకు ఇప్పుడైనా దక్కాలి.

ఈ ఘటనపై విచారణకు వేసిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు పోలీసుల తరఫువాళ్లు ఆమె నడత మంచిది కాదన్నారు, ఆ నిఖా చెల్లదన్నారు. ఆ రాత్రి ఏం జరిగిందన్నది వదిలేసి, ఆమె ఎలాంటిదన్నది పట్టుకున్నారు. కమిషన్ వాళ్ల మాట నమ్మలేదు, తప్పు పోలీసులదేనని తేల్చింది. అయినా కోర్టు విచారణ కర్ణాటకలోని రాయచూరుకు మారింది. 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు.

నడతను లాగడానికి అప్పటి సాక్ష్య చట్టమే తోవ ఇచ్చింది. 155వ సెక్షన్ నాలుగో క్లాజు కింద అత్యాచార కేసులో బాధితురాలి శీలాన్ని శంకించి, ఆమె మాట నమ్మొద్దని వాదించే వీలుండేది. నల్లకుంట ఘటనకు తోడు, మహారాష్ట్రలో స్టేషనులోనే అత్యాచారానికి గురైన ఆదివాసీ బాలిక కేసులో 1978లో సుప్రీంకోర్టు పోలీసులను వదిలేయడంతో దేశమంతటా మహిళలు వీధుల్లోకి వచ్చారు. 1983 సవరణ అలా వచ్చిందే. దాని ప్రకారం, పోలీసు నిర్బంధంలో లైంగిక సంబంధం జరిగిందని రుజువయ్యాక, "నేను ఒప్పుకోలేదు" అని ఆమె చెబితే కోర్టు ఆ మాటనే నిజమని తీసుకోవాలి. కాదని చూపాల్సింది నిందితుడు. విచారణ బయటివాళ్లెవరూ లేకుండా సాగాలి.

ఆ పాడు క్లాజు మాత్రం 2003 దాకా పోలేదు. సమ్మతి తేల్చేటప్పుడు పాత సంబంధాలు ఎత్తకూడదని 2013లో స్పష్టంగా రాశారు. 2024 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టంలోనూ అది ఉంది. బాధితురాలికి లైంగిక సంబంధాలు అలవాటేనా అని చూసే రెండువేళ్ల పరీక్ష చేసేవాళ్లు దుష్ప్రవర్తనకు పాల్పడినట్టేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

అయితే "ఆ వేళకు అక్కడెందుకున్నావు?" అన్న ప్రశ్నను ఏ సెక్షనూ పేరు పెట్టి ఆపలేదు. ఆపాల్సింది జడ్జి. అందుకే చెబుతాను: పాత సంగతులు తవ్వితే జవాబు చెప్పే తొందరపడకండి, జడ్జిగారి వైపు తిరిగి "దీనికి జవాబు చెప్పాలా?" అని అడగండి. నిందితుడి ముఖం కనబడకుండా సాక్ష్యం చెప్పే ఏర్పాటు పిల్లలకే కాదు, అత్యాచార బాధితులందరికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. తెరో వీడియో గదో కావాలని, వాయిదా రోజు దాకా ఆగకుండా, ముందుగానే పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) చేత పిటిషన్ వేయించుకోండి.