ఉరుకుంద ప్రాంతమున క్రొత్త నీటిపక్షి కనిపించినచో

చలికాలమున ఉరుకుంద, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో పొలమునకు పోవు రైతుకు దిగువ కాలువ వెంటనో, చెరువు గట్టుననో ఎన్నడును చూడని పెద్ద బాతుల గుంపు కనబడవచ్చును. అట్టి సమయమున నాలుగు నిమిషములు నిలిచి, మొదట తల చూడవలెను. తెల్లని తలపై వెనుక ప్రక్క రెండు నల్లని అడ్డపట్టెలు, బూడిద రంగు దేహము, పసుపు వన్నె ముక్కు, కాళ్ళు ఉన్నచో అది బార్ హెడెడ్ గూస్. మనము పట్టెతల బాతు అనుకొనవచ్చును. ఒళ్ళంతయు కావిరంగుగా నుండి పట్టెలు లేనిది బాపన బాతు.

ఈరన్న స్వామికి శ్రావణమాసములో జనము వచ్చినట్లు, ఈ బాతులు కార్తీకము నాటికి దక్షిణాదికి వచ్చును. మంగోలియా, టిబెట్ సరస్సుల వద్ద పిల్లలను చేసి, హిమాలయములను దాటి వచ్చును. 7 వేల మీటర్లకు పైగా ఎగిరినట్లు పరికరములతో కనుగొనిరి. తుంగభద్రకు పడమట, గదగ్ జిల్లా మాగడి చెరువు వీటికి ప్రసిద్ధి. ఆ చెరువు 2024లో రామ్‌సర్ జాబితాలో చేరినది.

ఇవి శనగ చిగుళ్ళు మేయునని రైతులు కోపగించుట సహజమే. కాని మేత ఎక్కువగా రాత్రివేళనే. పగలు నీటి ఒడ్డున కునుకు తీయు గుంపును తరిమినందున చేను దక్కదు. రాత్రి కావలి యుండి డప్పు కొట్టి అదలించుటే మేలు. విషపు గింజలు చల్లినచో ఊరి కోళ్ళు, కుక్కలు కూడ చచ్చును. వేటాడుట 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము నేరము.

చూచునపుడు సూర్యుడు వీపు వెనుక నుండవలెను. బాతులు మెడలెత్తినచో మరి దగ్గరకు పోరాదు. పదేసి చొప్పున లెక్కించి తేదీ, స్థలము, సంఖ్య వ్రాసికొనుడు. మెడకు రంగుపట్టీ, కాలికి లోహపు కడియము ఉన్నవేమో చూడవలెను. మంగోలియాలో పట్టీలు వేసిన బాతులు కర్ణాటక చెరువులలో కనిపించినవి. పట్టీపై అక్షరములు కనబడినచో వ్రాసికొని అటవీ శాఖవారికి గాని, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి గాని తెలుపుడు. జనవరిలో ఆసియా అంతట జరుగు నీటిపక్షుల లెక్కకు మీ అంకె కూడ పనికివచ్చును.

చచ్చిన పక్షులు కనిపించినచో మాత్రము చేతితో తాకరాదు. 2020 డిసెంబరు, 2021 జనవరిలలో హిమాచల్ ప్రదేశ్ పాంగ్ జలాశయమున ఈ బాతులే బర్డ్ ఫ్లూ వలన పెద్ద సంఖ్యలో చచ్చినవి. వెంటనే పశువైద్యశాలకు కబురు పంపి, ఆ చెరువు నీటిని కోళ్ళకు పెట్టుట మానవలెను.