మొహం చూసి చెప్పే రేటు

శంషాబాద్ బస్టాండ్ దగ్గర్లో నేను ఎప్పుడూ వెళ్లే చిన్న ఫోన్ రిపేర్ షాపు ఒకటుంది. ఏడాది కిందట ఫోన్ చేతిలోంచి జారి స్క్రీన్ పగిలితే అక్కడికే పట్టుకెళ్లా. "2,200 అయితది తమ్మీ" అన్నాడు షాపు అన్న. అదే మోడల్‌కి నా ముందు నిలబడ్డ క్యాబ్ డ్రైవర్‌కి మాత్రం 1,800 చెప్పాడు. నా చెవులతో విన్నా.

"ఇదేం లెక్కన్నా?" అని అడిగేశా.

"ఆయనకు ఫోన్ లేకుంటే ఇయ్యాల ట్రిప్పుల్లేవు. నీ మెడల ఐడీ కార్డున్నది గదా" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కోడ్ రాసి బతికేవాణ్ని. ఒకే పనికి రెండు రేట్లంటే నా దృష్టిలో అది బగ్గే. "రేట్లు చెప్పే సాఫ్ట్‌వేర్ నేను చేసిస్తా, డబ్బులొద్దు" అన్నా. అలా మొదలైంది నా శనాదివారాల ప్రయోగం.

బయటి నుంచి చూస్తే రిపేర్ రేటు గాల్లోంచి చెప్పినట్టుంటుంది. కానీ దాని వెనక చాలా లెక్కే ఉంది. స్క్రీన్, టచ్ కలిసి ఉండే కాంబో ధర ఒకటి. అందులోనే కంపెనీది, దాని కాపీ, ఇంకా చవక రకం అని మెట్లున్నాయి. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్ నుంచి తెప్పించుకునే ఈ సరుకు రేటు ఒక వారం ఉన్నట్టు ఇంకో వారం ఉండదు. దానిమీద పనికూలి. బిగించేటప్పుడు కాంబో పగిలితే ఆ నష్టం షాపుదే కాబట్టి దానికి కొంత. నెల రోజుల్లో టచ్ పోయిందని తిరిగొస్తే ఊరికే మార్చాలి కాబట్టి ఇంకొంత. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే హోల్‌సేల్ రేట్ల పట్టీని చదివి, ఇవన్నీ కలిపి, ట్యాబ్ మీద ఒక్క అంకె చూపించేలా ప్రోగ్రాం రాశా.

మొదటి వారంలోనే దెబ్బ తగిలింది. ఒకే పేరుతో 4జీ, 5జీ అని రెండు మోడళ్లుంటాయి. ఒకదాని కాంబో రెండోదానికి పట్టదు, ధరలూ వేరు. నా ప్రోగ్రాం రెంటినీ ఒకటే అనుకుని తక్కువ రేటు చెప్పేసింది. అన్న మాట తప్పలేదు, చేతి నుంచి 900 పెట్టుకున్నాడు. అది నా తప్పే, రాత్రికి రాత్రి సరిచేశా.

రెండో తప్పు అంత తేలిగ్గా కనపడలేదు. ఎందుకంటే దానివల్ల లాభమొచ్చింది.

చెప్పిన రేటుకి వరసగా ముగ్గురు ఒప్పుకుంటే మూడు శాతం పెంచు, ఒకరు కాదని వెళ్లిపోతే తగ్గించు అని ఒక రూలు పెట్టా. మోడల్‌ని బట్టి, టైమ్‌ని బట్టి ఈ లెక్క నడుస్తుంది. పెద్ద పెద్ద సైట్లు చేసే పనికి ఇది చిన్నపిల్లల రూపం. నెల తిరిగేసరికి సగటు బిల్లు పెరిగింది. నేను గర్వపడ్డా.

ఆ తర్వాత ఒక రాత్రి తొమ్మిదిన్నరకి నేను షాపులో ఉండగానే జగిత్యాల వైపు కుర్రాడొకడు వచ్చాడు. తాళ్లతో కట్టిన సూట్‌కేసు, పక్కన తండ్రి. తెల్లవారుజామున దుబాయ్ ఫ్లైటు. బస్సు దిగేటప్పుడు ఫోన్ పడి స్క్రీన్ నల్లబడింది. టికెట్టు, వీసా కాపీ, అక్కడ దిగాక ఫోన్ చేయాల్సిన మనిషి నంబరు, అన్నీ అందులోనే. "అన్నా, జర జల్ది చూడు" అంటుంటే గొంతు వణుకుతోంది.

ట్యాబ్ మీద 3,150 అని వచ్చింది. పొద్దున అదే కాంబోకి అది చెప్పింది 2,300.

ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. రాత్రిపూట వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఫ్లైటు పట్టుకోవాల్సినవాళ్లు. వాళ్లు బేరమాడరు, ఇంకో షాపు వెతకరు. నా ప్రోగ్రాం దాన్ని 'ఒప్పుకున్నారు' అని రాసుకుంది. రాత్రి రేటు మెట్టు మెట్టుగా ఎక్కింది. భయాన్ని అది గిరాకీ అనుకుంది.

అన్న ట్యాబ్ వైపు చూశాడు, పిల్లాడి వైపు చూశాడు. ట్యాబ్‌ని బోర్లా పెట్టి "రెండు వేలియ్యి, కూసో" అన్నాడు. వాళ్లు వెళ్లాక నాతో ఒక్క మాటే అన్నాడు. "తమ్మీ, నేను గూడ మొహం జూసే చెప్త. కానీ ఏడ్చే మొహం జూసి పెంచ."

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. ఇద్దరం మనిషిని బట్టే రేటు మారుస్తున్నాం. ఆయన లెక్కలో అవసరం పెరిగితే రేటు తగ్గుతుంది, నా లెక్కలో పెరుగుతుంది.

తమను తాము దిద్దుకునే రేట్లతో ప్రపంచం ఇప్పటికే చాలా చూసింది. 2011లో అమెజాన్‌లో ఈగల గురించిన ఒక సైన్సు పుస్తకం ధర 2.3 కోట్ల డాలర్లు దాటింది. ఇద్దరు అమ్మకందార్ల ప్రోగ్రాములు ఒకదాని రేటు చూసి ఇంకోటి లెక్క కట్టుకుంటూ పోయాయి. ఆపే మనిషి లేడు. అది నవ్వులాట. నవ్వులాట కానిది 2024 ఆగస్టులో వచ్చింది. ఇళ్ల అద్దెలు సూచించే రియల్‌పేజ్ అనే కంపెనీ మీద అమెరికా న్యాయశాఖ కోర్టుకెక్కింది. పోటీలో ఉండాల్సిన యజమానుల వివరాలన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో పడి, అద్దెల పోటీని దెబ్బతీస్తున్నాయన్నది ఆరోపణ. అది చదివాక నాకు వెన్ను జలదరించింది. పక్క షాపు ఆయన కూడా నా ప్రోగ్రాం అడిగాడు మరి! మా రోడ్డులో పది షాపులకీ అదే ఇచ్చి ఉంటే, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే పదిమందీ కలిసి రేటు పెంచినట్టయ్యేది.

అలాగని పాత పద్ధతి బంగారమనీ అనలేను. అన్న మంచివాడు కాబట్టి సరిపోయింది. ఇంకో షాపులో మొహం చూసి రేటు చెబితే మోసపోయేది బేరమాడటం రానివాళ్లే, ఊరికి కొత్తవాళ్లే. విమానాశ్రయం 2008లో వచ్చిన దగ్గర్నుంచి శంషాబాద్‌లో కొత్త మొహాలకి కొదవేముంది?

అందుకే రూలు మార్చాం. ఇప్పుడు ప్రోగ్రాం టైమ్ చూడదు, మనిషిని చూడదు. సరుకు, కూలి, నష్టం, గ్యారంటీ కలిపి పై హద్దు చెబుతుంది. ఆ రేటు గోడమీద బోర్డులో అందరికీ కనిపిస్తుంది. దానికంటే తగ్గించే హక్కు అన్నకుంది, పెంచే హక్కు ఎవరికీ లేదు, నా ప్రోగ్రాంకి కూడా. సగటు బిల్లు మళ్లీ పాత చోటికే దిగింది. అన్న మాత్రం బోర్డు తీయలేదు.

మీరు రిపేర్‌కి వెళ్తే మూడు విషయాలు అడగండి. వేసేది కంపెనీ కాంబోనా, కాపీనా? గ్యారంటీ ఎన్నాళ్లు, కాగితం మీద రాసిస్తారా? తీసేసిన పాతది నాకిస్తారా? కొన్ని కంపెనీలు విడిభాగాల రేట్లు తమ వెబ్‌సైట్లలోనే పెడుతున్నాయి. 2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ కూడా మొదలుపెట్టింది. వెళ్లేముందు రెండు నిమిషాలు చూసుకుంటే మీకూ ఒక పై హద్దు దొరుకుతుంది.

మొన్న నా ఫోన్ ఛార్జింగ్ పిన్ పోయింది. ఐడీ కార్డు జేబులో దాచుకుని వెళ్లా. అన్న చూడనే లేదు, బోర్డు వైపు వేలు చూపించాడు.