పొగ లేకుండా కూసే అలారం

అమెరికాలో కాపురముంటున్న తెలుగువాళ్లకు స్మోక్ అలారంతో తొలి పరిచయం చాలాసార్లు పోపు దగ్గరే అవుతుంది. ఎండుమిరపకాయ కాస్త మాడితే చాలు, సీలింగు మీదున్న తెల్లటి డబ్బా చెవులు చిల్లులు పడేలా కూస్తుంది. కారణం కళ్లెదుటే ఉంటుంది గనక కిటికీ తీసి, తువ్వాలుతో విసిరితే సరిపోతుంది. కానీ పొయ్యి వెలిగించని వేళ, ఇంట్లోని అలారాలన్నీ ఒక్కసారిగా మోగి, కాసేపటికి వాటంతటవే ఆగిపోతే? ఆ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ హామ్ రేడియో, అంటే అభిరుచి కొద్దీ లైసెన్సు తీసుకుని ‘హామ్’లు నడిపే రేడియో, ఉందేమో చూడాలి.

పొగను పసిగట్టే పని చాలా సున్నితమైనది. ఒక రకం డిటెక్టర్‌లో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం అతి కొద్దిగా ఉంటుంది. అది చుట్టూ ఉన్న గాలిని అయనీకరిస్తే, చిన్న గదిలాంటి అరలో సన్నని కరెంటు పారుతుంది. పొగ చేరితే ఆ కరెంటు తగ్గుతుంది, అలారం మోగుతుంది. ఆ కరెంటు ఎంతంటే, ఒక ఆంపియరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో కొన్ని పదుల భాగాలు. ఇంకో రకంలో పొగ రేణువుల మీద చెదిరిన వెలుతురును చిన్న సెన్సర్ పట్టుకుంటుంది. రెండింటిలోనూ అసలు సంకేతం అతి బలహీనం. దాన్ని గమనించే సర్క్యూట్‌కు బయటి నుంచి కొద్దిపాటి వోల్టేజి చేరినా పొరబడే వీలుంది.

అయితే నా లెక్కలో ఎక్కువ అనుమానించాల్సింది డబ్బాను కాదు, దాని వెనకున్న తీగను. అమెరికాలో కొత్తగా కట్టే ఇళ్లలో పడకగదులన్నిటిలో, ప్రతి అంతస్తులో అలారాలు పెట్టి వాటిని ఒకదానితో ఒకటి కలుపుతారు. కింద నిప్పు రాజుకుంటే మేడ మీద నిద్రపోతున్నవాళ్లూ లేవాలని ఈ ఏర్పాటు. 120 వోల్టుల కరెంటు తీగలతో పాటు మూడో తీగ ఒకటి ఉంటుంది. ఒక అలారం పొగను చూస్తే ఆ తీగ మీద, చాలా మోడళ్లలో, 9 వోల్టుల దాకా పెడుతుంది. మిగతావి దాన్ని చూసి మోగుతాయి. ఈ తీగ గోడల్లో, అటకల మీదుగా పది, ఇరవై మీటర్లు పోతుంది. హామ్‌లు ఎక్కువగా వాడే 7 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 42 మీటర్లు, దానిలో సగం 21. అంటే ఇల్లు కట్టినవాళ్లు తమకు తెలియకుండానే ఆ తరంగానికి ఓ యాంటెన్నా కట్టిపెట్టారన్నమాట. తీగ పట్టిన రేడియో శక్తిని అలారంలోని ట్రాన్సిస్టర్లు, డయోడ్లు ఏకదిశ వోల్టేజిగా మార్చేస్తాయి. అది చూసి అలారం, తోటి అలారం పిలిచిందనుకుంటుంది.

కాబట్టి తన బ్యాండులో, అనుమతించిన శక్తితో మాట్లాడుతున్న హామ్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. అలాగని ఇరుగుపొరుగు నిద్ర చెడగొట్టే హక్కూ అతనికి లేదు. అయితే హామ్ రేడియో ఉత్త కాలక్షేపం కాదు. 2004 సునామీ అండమాన్‌ను ముంచినప్పుడు, హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్ నుంచి హామ్ రేడియో మీదే కబుర్లు చేరవేసింది. ప్రాణం నిలిపే పరికరాలు రెండూ. ఒకదాని కోసం రెండోదాన్ని మూయించకూడదు.

కారణం రేడియోనే అని ముందు రుజువు చేసుకోవాలి. ట్రాన్స్‌మిట్ నొక్కిన సమయం, బ్యాండు, వాట్లు రాసుకుంటే, అలారం మోగిన వేళతో సరిపోల్చవచ్చు. శక్తిని 100 వాట్ల నుంచి 25కి తగ్గిస్తే తీగలో పుట్టే వోల్టేజి సగమవుతుంది, చాలాసార్లు అదే చాలు. యాంటెన్నాను ఇంటికి దూరంగా జరపడం, రేడియోను యాంటెన్నాతో కలిపే కోయాక్స్ కేబుల్‌కు ఫెరైట్ చోక్ వేసి దాని పైతొడుగు మీద పారే కరెంటును ఆపడం తర్వాతి పనులు. అప్పటికీ ఆగకపోతే ఎలక్ట్రీషియన్ చేత అలారాల దగ్గరి తీగలకు ఫెరైట్లు తొడిగించవచ్చు, మరో మోడల్‌కు మారవచ్చు. డబ్బా విప్పి లోపల కెపాసిటర్లు అతకడం మాత్రం వద్దు, అలా చేస్తే అది ఇక పరీక్షించి ఆమోదించిన పరికరం కాదు.

విసుగొచ్చి బ్యాటరీ పీకేయకండి, మూడో తీగ కత్తిరించకండి. ఏ మార్పు చేసినా ప్రతి అలారం మీదా టెస్ట్ బటన్ నొక్కి, మిగతావన్నీ మోగుతున్నాయో లేదో విని చూడండి. తయారై పదేళ్లు దాటినవి ఉంటే ఈ వారమే మార్చండి.