కొండల్లో మంచు, సాంచాల మీద తెగే పోగు

కశ్మీరులో మంచుతుఫాను అని టీవీలో చూపిస్తే, ముంబై దగ్గరి భీవండి పద్మనగర్‌లో సాంచాలు (మరమగ్గాలు) నడిపే మన పద్మశాలీలకు అది ఎక్కడిదో ముచ్చట. కానీ దానికీ మన పడుగుకూ సంబంధం ఉంది.

ఆ తుఫానుకు మూలం మధ్యధరా సముద్రం వైపు ఉంటుంది. అక్కడి అల్పపీడనాలు చాలా ఎత్తున వీచే పడమటి గాలుల వెంట ఇరాన్, అఫ్గానిస్తాన్ దాటి వస్తాయి. వీటికి పశ్చిమ అలజడులని పేరు. హిమాలయాలు అడ్డం రాగానే గాలి పైకెక్కక తప్పదు. కిలోమీటరుకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున చల్లబడి, అందులోని తేమ మంచై రాలుతుంది. ఇరుకు కనుమల్లో వేగం పుంజుకున్న గాలి, రాలిన మంచును కూడా లేపి మొహాన కొడుతుంది. 2022 జనవరి 7 రాత్రి పాకిస్తాన్‌లోని మర్రీలో, మంచు చూడబోయినవాళ్లు ఇరవై మందికి పైగా దారిలో చిక్కుకుని చనిపోయారు. చలి ఒక్కటే కాదు, మంచులో పూడిన కార్లలోకి చేరిన కార్బన్ మోనాక్సైడ్ కూడా కారణమని అనుమానించారు. దానికి వాసన ఉండదు, అదే దాని ప్రమాదం.

అదే నెల 22, 23 తేదీల్లో వచ్చిన మరో అలజడి పాకిస్తాన్ దుమ్మును సముద్రం మీదుగా ముంబై, ఠాణేల దాకా మోసుకొచ్చింది. ముంబైలో పగటి ఉష్ణోగ్రత 24 డిగ్రీల దగ్గరే ఆగిపోయింది.

మామూలుగా మాత్రం మనవైపు చలి, కొండల్లో మంచు కురిసే రోజున రాదు. మబ్బులున్నంతసేపు నేల వేడి అంత తేలిగ్గా పైకి పోదు. అలజడి దాటిపోయి ఆకాశం తేటపడ్డాక ఉత్తరపు పొడిగాలి దిగుతుంది. నాసిక్ దగ్గరి నిఫాడ్ ద్రాక్షతోటలు, ఆదిలాబాద్ పల్లెలు అప్పుడే వణుకుతాయి. సముద్రం దగ్గరుంది కనుక భీవండిలో అంత చలి పడదు గానీ, గాలిలో తడి తగ్గుతుంది.

నూలుకు కావలసింది ఆ తడే. గంజి పట్టిన పడుగు ఎండితే పెళుసెక్కి, అచ్చు రాపిడికి పటపటా తెగుతుంది. సాంచా ఆపి, తెగిన కొస వెతికి, ముడేసి, అచ్చులోంచి లాగి మళ్లీ నడపాలి. నేసిన మీటర్లకే కూలి అయినప్పుడు ఆగిన సాంచాకు పైసా రాదు. పాలిస్టర్‌తో ఇంకో తంటా. పొడిగాలిలో రాపిడికి విద్యుత్తు పుట్టి పోగులు రేగుతాయి, ఇనుముకు అతుక్కుంటాయి.

కాబట్టి మంచు వార్త చూశాక రెండు మూడు రోజులు ఉత్తరపు కిటికీలు మూసి, షెడ్డు నేల తడిపితే కొంత మేలు. చలి తెలిసేది తెల్లవారుజామున కదా అని అప్పుడే చల్లి ఊరుకోవద్దు. గాలి బాగా ఎండేది మధ్యాహ్నం పూట.