బావిలోకి దింపొద్దు ఆ ఇంజిన్‌ని!

మా మేనమామ సాగు చేసే చెలక శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉంటుంది. తలెత్తితే దిగడానికి వస్తున్న విమానం, తల దించితే పాలకూర, మెంతి, కొత్తిమీర మళ్లు. పొద్దున్నే అక్కడ వినిపించే చప్పుడు మాత్రం ఓ పాత ఆయిల్ ఇంజిన్‌ది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మామకి దగ్గు ఆగలేదు. "ఎయిర్‌పోర్టు పక్కన కదా మామా, విమానాల పొగేమో" అన్నాను. అన్నాను గానీ, సాఫ్ట్‌వేర్ వాణ్ని కదా, కొలిచి చూడనిదే మనసు ఒప్పదు. ఆన్‌లైన్‌లో కొన్న చిన్న గాలి మీటరు బ్యాగులోనే ఉంది. గట్టు మీద పెడితే అంకె మామూలుగానే ఉంది. మామ హ్యాండిల్ తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేశాడు. నల్లటి పొగ బుస్సుమంది. మీటరు తెర ఎర్రబడింది. విమానాలు పోతూనే ఉన్నాయి, అవి పోయినప్పుడు అంకె కదల్లేదు. దొంగ ఎవరో తెలిసిపోయింది.

ఆ పొగలో ఉండే నుసిని పీఎం 2.5 అంటారు. మన తలవెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. ముక్కు ఆపలేదు, నేరుగా ఊపిరితిత్తుల లోపలికి పోతుంది. 24 గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఇది 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశంలో పెట్టుకున్న హద్దు 60. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ఆ సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చేసింది. 2020 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నీ బీఎస్-6 ప్రమాణంలో రావాల్సిందే. మామ ఇంజిన్‌కి ఫిల్టరూ లేదు, ఏమీ లేదు. సైలెన్సర్ మూతి మామ మొహం ఎత్తులోనే ఉంటుంది.

మీకో అనుమానం వచ్చే ఉంటుంది. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1 నుంచే మొదలైంది కదా, ఇంకా డీజిల్ ఎవరు వాడుతున్నారు?

నిజమే, చాలామంది వాడట్లేదు. మా తాతల కాలంలో ఎడ్లతో మోట కొట్టేవాళ్లు. తర్వాత ఆయిల్ ఇంజిన్ వచ్చింది. దాన్ని మాన్పించింది ఉచిత కరెంటు ఒక్కటే కాదు, నీళ్లు లోతుకి పోవడం కూడా. ఒడ్డు మీది పంపు నీళ్లని పీల్చాలి, మనం కొబ్బరిబోండంలో స్ట్రా వేసి పీల్చినట్టు. లెక్క ప్రకారం పది మీటర్ల లోతు దాకా పీల్చగలదు. వాస్తవంలో ఇరవై అడుగులు దాటితే కష్టం. వందల అడుగుల బోరుకి నీళ్లలో మునిగి ఉండి పైకి నెట్టే సబ్‌మెర్సిబుల్ మోటరు కావాలి, దానికి కరెంటు కావాలి. అందుకే రాష్ట్రంలో పాతిక లక్షలకు పైగా కరెంటు మోటర్లు ఉన్నాయి.

మరి మామకి ఎందుకు లేదు? భూమి మామది కాదు, కౌలు. యజమాని సిటీలో ఉంటాడు. 2008లో విమానాశ్రయం వచ్చాక ఇక్కడి భూమి విలువ ఎకరాల్లో కాదు, గజాల్లో లెక్కేస్తున్నారు. జంట జలాశయాల రక్షణకి 1996లో ఇచ్చిన 111 జీవో పరిధిలో శంషాబాద్ మండలం ఊళ్లు కూడా ఉండటంతో కొన్నిచోట్ల పంటలు మిగిలాయి. 2022లో 69వ జీవో వచ్చాక అందరి చూపూ ప్లాట్ల మీదే.

"కనెక్షన్ గావాలంటే పట్టా కాయితం జూపాలె అల్లుడా. నా పేరు మీద ఏమున్నది? పట్టాదారు సంతకం పెట్టడు. రేపు అమ్ముకునేటప్పుడు లొల్లి అని భయం" అన్నాడు మామ.

పక్క చేనాయనకి కరెంటు ఫ్రీ. మామ ఇంజిన్ గంటకి దాదాపు లీటరు తాగుతుంది. రోజుకి నాలుగు గంటలంటే, లీటరు 95 రూపాయల లెక్కన 380 రూపాయలు. లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల బొగ్గుపులుసు వాయువు. అంటే రోజుకి పది కిలోల పైమాటే. కరెంటు మోటరుకీ పొగ ఉంది, కాకపోతే అది రామగుండం, పాల్వంచ చిమ్నీల్లోంచి పోతుంది. మొహం మీదికి రాదు.

అసలు భయం వేరే ఉంది. ఎండాకాలం నీళ్లు కిందికి పోతే పంపుకి అందవు. అప్పుడు ఇంజిన్‌ని తాళ్లతో బావి లోపలి రాతి అరుగు మీదికి దింపుతారు. "పోయిన ఏడు దింపిన. ఆపడానికి దిగితే కండ్లు తిరిగినయ్, మెట్టు పట్టుకుని బయటపడ్డ" అని మామ నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. గాలి ఆడని బావిలో మనిషికి తెలిసేలోపే కాళ్లలో సత్తువ పోతుంది. కాపాడదామని వెంటనే దిగినవాళ్లూ పడిపోతారు. అందుకే బావిలో ఇంజిన్ నడపకూడదు. ఎవరైనా పడిపోతే వెనకే దూకొద్దు, 108కి ఫోన్ చేయండి.

2019లో మొదలైన పీఎం-కుసుమ్ పథకంలో సోలార్ పంపుకి కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం ఇస్తాయి. మంచిదే. కానీ స్తంభం పాతి బిగించే పంపు కౌలు రైతుకి పనికిరాదు, వచ్చే ఏడు పొలం మారితే? చక్రాల బండి మీద పెట్టుకుని తిప్పుకునే సోలార్ పంపులు కూడా ఉన్నాయి. సబ్సిడీ భూమిని కాకుండా సాగు చేసే మనిషిని చూసి ఇస్తే, మామలాంటి వాళ్లు ఇంజిన్‌ని పాత సామాన్ల వాడికి అమ్మేస్తారు.

సిటీకి వచ్చాక పట్టాదారుకి నేనే ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. "ఒక్క ఏడాది ఆగండి బాబూ, ఎలాగూ లేఅవుట్ వేస్తున్నాం" అన్నాడు. ఆ ఒక్క ఏడాదిలోనే ఒక ఎండాకాలం ఉంది.

మార్చిలో మామ దగ్గర్నుంచి ఫోన్. నీళ్లు ఇరవై అడుగులు దాటాయట. "దింపావా?" అన్నాను, గుండె దడదడలాడుతుంటే.

"లేదు లేవోయ్. పాలకూర తీసేసిన. కొత్తిమీర రెండు మళ్లు ఉంచిన, బిందెలతోటి పోస్తున్నం నేనూ మీ అత్తా" అన్నాడు. వెనకాల విమానం చప్పుడు వినిపించింది. ఇంజిన్ చప్పుడు లేదు.