ఐదు రోజులు మూడైతే పెన్షన్ ఏమవుతుంది?

మన దగ్గర టీచరు గారి రిటైర్మెంటు ఒక్క రోజులో అయిపోతుంది. నిన్నటిదాకా పాఠం చెప్పిన మనిషికి శాలువా కప్పి, దండ వేసి, ఇంటిదాకా దిగబెట్టి వస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 62 ఏళ్లకు, తెలంగాణలో 61 ఏళ్లకు ఉద్యోగం ముగుస్తుంది. ముందే మానుకోదలిస్తే 20 ఏళ్ల సర్వీసు తర్వాత స్వచ్ఛంద విరమణ ఉంది. అంతేగానీ వారానికి మూడు రోజులు బడికి వస్తూ, తగ్గిన జీతానికి తోడు పెన్షన్‌లో కొంత అందుకునే దారి లేదు.

ఇంగ్లండ్, వేల్స్ టీచర్లకు ఆ దారి ఉంది. దాన్ని అక్కడ ఫేజ్డ్ రిటైర్మెంట్ అంటారు, అంటే దశలవారీ విరమణ. 55 ఏళ్లు నిండి ఉండాలి. అంతకుముందు ఆరు నెలల సగటుతో పోలిస్తే జీతం కనీసం 20 శాతం తగ్గాలి. ఆ తగ్గుదల కనీసం 12 నెలలు కొనసాగాలి. అప్పుడు, అప్పటిదాకా కూడిన పెన్షన్‌లో 75 శాతం వరకు తీసుకోవచ్చు. మిగిలింది స్కీములోనే ఉంటుంది, చేస్తున్న ఉద్యోగం మీద కొత్త పెన్షనూ జమ అవుతూనే ఉంటుంది. ఐదు రోజుల పనిని నాలుగుకు కుదించుకుంటే సరిగ్గా 20 శాతం తగ్గినట్టు. అయితే ఆ ఏడాదిలోపే అదనపు రోజులు ఒప్పుకొని జీతం మళ్లీ పెంచుకుంటే ఏర్పాటు మొత్తం చెడుతుంది.

నిబంధన ఇంత తేలిగ్గా ఉన్నా చాలామంది వెనకాడతారు. చివరి రోజుల్లో జీతం తగ్గితే పెన్షన్ కూడా తగ్గిపోతుందన్న భయం అందుకు కారణం. చివరి జీతం మీదే పెన్షన్ లెక్కగట్టే స్కీములో పెరిగినవాళ్లకు ఈ భయం సహజమే. కానీ రోజులు తగ్గించుకోవడం వేరు, హోదా తగ్గించుకోవడం వేరు. నిబంధనలు ఈ రెంటినీ వేరువేరుగా కొలుస్తాయి.

1998 ఏప్రిల్లో చేరి, ఇప్పుడు 60 ఏళ్లు నిండిన లెక్కల టీచరమ్మ ఒకరున్నారనుకుందాం. పూర్తికాలపు జీతం ఏడాదికి 48,000 పౌండ్లు. 2007కు ముందు చేరారు కాబట్టి ఆమె పాత పద్ధతిలో ఉన్నారు. అందులో ప్రతి ఏడాది సర్వీసుకు చివరి జీతంలో 80వ వంతు పెన్షన్, దానికి మూడు రెట్లు ఏకమొత్తం. పూర్తి పెన్షన్ వయసు 60. 2022 మార్చి వరకు 24 ఏళ్లు ఈ లెక్కలోకి వస్తే పెన్షన్ ఏడాదికి 14,400 పౌండ్లు, ఏకమొత్తం 43,200 పౌండ్లు.

ఆ 24 ఏళ్లలో చివరి ఏడింటికి ఒక కథ ఉంది. 2015 ఏప్రిల్లో ప్రభుత్వం కొత్త స్కీము తెచ్చి, పెద్దవాళ్లను పాతదానిలోనే ఉంచి, చిన్నవాళ్లను కొత్తదానిలోకి నెట్టింది. జడ్జీలు, అగ్నిమాపక సిబ్బంది వేసిన కేసుల్లో అది వయో వివక్ష అని 2018లో అప్పీల్ కోర్టు తేల్చింది. అందువల్ల 2015 ఏప్రిల్ నుంచి 2022 మార్చి వరకు చేసిన సర్వీసును ఏ లెక్కలో కట్టాలో, పెన్షన్ తీసుకునేటప్పుడు టీచరే ఎంచుకోవచ్చు. మన టీచరమ్మ పాతదాన్నే ఎంచుకున్నారనుకుందాం.

ఆమె ఐదు రోజుల నుంచి మూడు రోజులకు మారితే జీతం 28,800 పౌండ్లవుతుంది. పాత పెన్షన్‌లో 75 శాతం తీసుకుంటే ఏడాదికి 10,800 పౌండ్లు చేతికొస్తాయి. రెండూ కలిపితే 39,600. పైగా 32,400 పౌండ్ల ఏకమొత్తం పన్ను లేకుండా అందుతుంది. పెన్షన్ మీద ఆదాయపు పన్ను ఉంటుంది గానీ నేషనల్ ఇన్సూరెన్స్ కోత ఉండదు. జీతం తగ్గడంతో స్కీముకు కట్టే చందా శాతం కూడా దిగుతుంది. పనిలో ఐదింట రెండు వంతులు తగ్గినా, రాబడి తగ్గేది ఐదింట ఒక వంతు కన్నా తక్కువే.

మరి స్కీములో వదిలిన పావు వంతు సంగతి? దానికీ పూర్తికాలపు జీతం 48,000నే లెక్కలోకి తీసుకుంటారు, మూడు రోజుల 28,800ను కాదు. రోజులు తగ్గించుకున్నందువల్ల పాత పెన్షన్‌కు నష్టం లేదు. ఆమె లాంటివాళ్లకు నేను గట్టిగా చెప్పదలచిన విషయం ఇంకొకటుంది. పాత పద్ధతిలో 60 దాటాక ఆలస్యంగా తీసుకున్నందుకు అదనంగా కలిపేదేమీ లేదు. జీతం పెరిగిన మేరకు పెన్షన్ పెరుగుతుంది, నిజమే. కానీ ఆ పెరుగుదల కోసం ఎదురుచూస్తూ తీసుకోకుండా వదిలిన ప్రతి ఏడాదీ 14,400 పౌండ్లు చేజారుతున్నాయి. ఒళ్లు సహకరించకపోయినా 63, 64 దాకా పూర్తికాలం లాక్కొచ్చే టీచర్లు ఈ ఒక్క లెక్క ముందే వేసుకుంటే బాగుండును.

హోదా వదులుకున్నప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి. శాఖాధిపతి బాధ్యత వదిలేసి మామూలు టీచరుగా మారితే పూర్తికాలపు జీతమే పడిపోతుంది. దానికీ ఒక రక్షణ ఉంది. చివరి 365 రోజుల జీతం గానీ, గత పదేళ్లలో వరసగా మూడేళ్ల మెరుగైన సగటును ధరల పెరుగుదలకు తగ్గట్టు సవరించింది గానీ, ఏది ఎక్కువైతే దాన్నే తీసుకుంటారు. ఆ పదేళ్లు జరుగుతూ పోయేకొద్దీ మంచి జీతమున్న సంవత్సరాలు లెక్కలోంచి జారిపోతాయి. హోదా దిగి చాన్నాళ్లు పనిచేయాలనుకునేవారు ఆ గడువు ఎప్పుడు ముగుస్తుందో తేదీతో సహా రాసిపెట్టుకోవాలి. ఐదేళ్లకు మించి సర్వీసులో విరామం వచ్చినా చివరి జీతంతో ఉన్న లంకె తెగిపోతుంది.

2022 ఏప్రిల్ తర్వాత అందరూ కొత్త స్కీములోనే ఉన్నారు. ఇక్కడ ఏ ఏడు సంపాదించినదానిలో 57వ వంతు ఆ ఏటి పెన్షన్‌గా జమవుతుంది. సర్వీసులో ఉన్నంతకాలం అది ఏటా ధరల సూచీకి 1.6 శాతం కలిపి పెరుగుతుంది. ఈ లెక్కలో పని రోజులు తగ్గితే జమ తగ్గుతుంది. మన టీచరమ్మకు ఏడాదికి 842 పౌండ్లు చేరేచోట 505 చేరతాయి. దీని పూర్తి వయసు ఆమెకు 67. అంతకన్నా ముందే తీసుకుంటే జీవితాంతం కోతే. కాబట్టి పాతదానిలోంచి తీసుకుని, కొత్తదాన్ని కదపకుండా ఉంచడం ఆమెకు మేలు.

కొత్త స్కీము ఒక్కటే ఉన్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. 2023 ఫిబ్రవరి నుంచి భారత్‌లో శిక్షణ పొందిన లెక్కలు, సైన్సు, భాషల టీచర్లు ఇంగ్లండ్‌లో అర్హత హోదాకు దరఖాస్తు చేసుకునే వీలు కలిగింది. అలా వెళ్లిన వారికి పైన చెప్పిన చివరి జీతపు రక్షణలేవీ వర్తించవు. రెండేళ్ల సర్వీసు పూర్తయితేనే పెన్షన్ హక్కు. 2028 ఏప్రిల్ 6 నుంచి తీసుకోగల కనీస వయసు కూడా 55 నుంచి 57కు పెరుగుతుంది. వాళ్లు పని రోజులు తగ్గించుకునే ముందు జమలో ఎంత కోత పడుతుందో మొదట చూసుకోవాలి.

వీటన్నిటికీ బడి ఒప్పుకోవాలి. ఫేజ్డ్ రిటైర్మెంట్ అడగవచ్చు గానీ అది హక్కు కాదు. పనివేళల మార్పు కోరే హక్కు 2024 ఏప్రిల్ నుంచి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే వస్తోంది, యాజమాన్యం రెండు నెలల్లో జవాబివ్వాలి. చిన్న బడిలో ఒకే ఒక్క ఫిజిక్స్ టీచరుంటే మిగతా రెండు రోజుల పాఠాలు ఎవరు చెబుతారన్న ప్రశ్న వస్తుంది, అది న్యాయమైనదే. సెప్టెంబరు టైమ్‌టేబుల్ ఖాయమయ్యాక అడిగితే కాదనడం తేలిక. వసంతకాలపు టర్ములోనే, తన పెన్షన్ స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకుని, ఏయే రోజులు వస్తారో, ఏ తరగతులు వదులుకుంటారో కాగితం మీద రాసి ప్రధానోపాధ్యాయుడి ముందుంచిన టీచరును ఆయన అంత సులువుగా కాదనలేడు.