ఊటీ రైలు: టికెట్ కొనాల్సింది కింది 28 కిలోమీటర్లకు

ఊటీ వెళ్లొచ్చిన తెలుగువాళ్లు చాలామంది టాయ్ ట్రైన్ ఎక్కామనే చెబుతారు. ఎక్కడి నుంచి ఎక్కడికని అడిగితే మాత్రం ఊటీ నుంచి కూనూరు అంటారు. ఆ ముక్క 18 కిలోమీటర్లు. గంటంపావు ప్రయాణం, డీజిల్ ఇంజన్, కిటికీలోంచి తేయాకు తోటలు. బాగానే ఉంటుంది, కాదనను. కానీ నీలగిరి పర్వత రైల్వేకు ప్రపంచమంతటా పేరు తెచ్చిన సంగతి ఆ 18 కిలోమీటర్లలో లేదు. మెట్టుపాళయం నుంచి కూనూరు దాకా ఉన్న కింది 28 కిలోమీటర్లలో ఉంది. 1899లో మొదట తెరిచిందీ ఆ భాగమే. లైను ఊటీ చేరింది 1908లో. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

టైమ్‌టేబుల్ చూస్తేనే తేడా కనబడుతుంది. పొద్దున 7:10కి మెట్టుపాళయంలో కదిలిన బండి పదిన్నర ప్రాంతంలో కూనూరు చేరుతుంది. 28 కిలోమీటర్లకు మూడు గంటలా ఇరవై నిమిషాలు! సగటున గంటకు 8.4 కిలోమీటర్లు. తాపీగా తొక్కే సైకిలైనా దీన్ని దాటిపోతుంది.

ఎందుకంత నెమ్మది? మెట్టుపాళయం ఎత్తు 326 మీటర్లు, ఊటీది 2,203. మొదటి 8 కిలోమీటర్లు, అంటే కల్లార్ దాకా, పెద్దగా ఎక్కేదేమీ లేదు. కల్లార్ నుంచి కూనూరు వరకు 20 కిలోమీటర్లలోనే దాదాపు 1,300 మీటర్లు ఎక్కాలి. అరకు రైలెక్కినవాళ్లకు ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. కొత్తవలస–కిరండూల్ లైన్లో 60 మీటర్లు పోతే ఒక మీటరు పైకి లేచేలా పట్టాలు వేశారు. అదే వాలుతో 1,300 మీటర్లు ఎక్కాలంటే 78 కిలోమీటర్ల దారి కావాలి. అరకు దారిలో 58 సొరంగాలు ఉండటానికీ ఇదే కారణం. మామూలు చక్రాలతో ఎక్కే బండికి వాలు తక్కువుండాలి. వాలు తగ్గితే దారి సాగుతుంది, సాగిన దారి కొండ తర్వాత కొండను తొలుచుకుంటూ పోవాలి. నీలగిరి లైను మొత్తానికీ సొరంగాలు 16 మాత్రమే. ఇక్కడ బాగా నిటారైన చోట 12.28 మీటర్లకే ఒక మీటరు లేస్తుంది.

అంత నిటారుగా ఉంటే ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారిపోతుంది. అందుకే కల్లార్ దాటగానే రెండు పట్టాల మధ్య మరో రెండు కమ్మీలు మొదలవుతాయి, రంపంలా పళ్లతో. ఇవి మామూలు పట్టాలకంటే 64 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటాయి. ఒక కమ్మీ పన్ను ఎక్కడుందో పక్క కమ్మీకి అక్కడ సందు ఉంటుంది. ఇంజన్ కింది పళ్లచక్రాలకు ఎప్పుడూ ఏదో ఒక పన్ను పట్టు దొరికేలా చేసిన ఏర్పాటు ఇది. స్విట్జర్లాండ్ ఇంజనీరు రోమన్ ఆప్ట్ రూపొందించాడు. ఇక్కడి ఎక్స్ తరగతి ఆవిరి ఇంజన్లు మొదట వచ్చిందీ ఆ దేశంలోని వింటర్‌థర్ నుంచే. తర్వాత తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులోనూ కొత్తవి కట్టారు. ఈ ఇంజన్‌కు నాలుగు సిలిండర్లు. చదును మీద రెండే పనిచేస్తాయి. పళ్ల కమ్మీ మీదకు రాగానే ఆ రెండూ వాడి వదిలిన ఆవిరితోనే మిగతా రెండూ పళ్లచక్రాలను తిప్పుతాయి. కల్లార్ దాటాక చెవి ఒగ్గండి, ఇంజన్ ఊపిరి మారినట్టు తెలుస్తుంది.

ఇంకో విచిత్రం, ఇంజన్ ముందుండదు. వెనక నుంచి బోగీలను నెడుతుంది. కాబట్టి డ్రైవరుకు ముందున్న పట్టా కనబడదు. ప్రతి బోగీ చివర చిన్న వసారాలాంటి చోట ఒక బ్రేక్‌మన్ నిలబడతాడు, చేతిలో జెండాలు. మొదటి బోగీ అతను చూపిన జెండా ఒక్కొక్కరి మీదుగా వెనక్కి ఇంజన్ దాకా చేరుతుంది. ఇంజన్ కూత విని బ్రేకు వేసేదీ వాళ్లే. ఎదుట దారి చూడాలనుకుంటే ముందు బోగీ, ఇంజన్ రొప్పు వినాలనుకుంటే వెనక బోగీ. నేనైతే వెనకదే అంటాను. ఆవిరి ఇంజన్ కోసం ఇంత దూరం వచ్చి దానికి దూరంగా కూర్చోవడం ఎందుకు?

46 కిలోమీటర్లలో మలుపులు 208, వంతెనలు 250. సగటున 220 మీటర్లకో మలుపన్నమాట. ఫోన్‌లో వీడియో తీస్తూ కూర్చుంటే సగం వంతెనలు తెలియకుండానే దాటిపోతాయి. హిల్‌గ్రోవ్‌లో బండి నీళ్లు పట్టుకోవడానికి ఆగుతుంది. దిగి ఇంజన్ దగ్గరికి వెళ్లి చూడండి. అక్కడి కోతులు మీ చేతిలో తినుబండారం చూస్తే ఊరుకోవు, అది వేరే సంగతి. కూనూరు దాటాక మరో చిన్న తమాషా: లవ్‌డేల్ స్టేషన్ ఊటీ కంటే ఎత్తులో ఉంటుంది. చివరి నాలుగు కిలోమీటర్లు బండి దిగుతూ ఊటీ చేరుతుంది.

ఇక రోజు లెక్క. మధ్యాహ్నం రెండుకు ఊటీలో బయలుదేరే బండి 5:35కి మెట్టుపాళయం చేరుతుంది. రెండువైపులా రైల్లోనే అనుకుంటే ఎనిమిది గంటలకు పైగా చెక్క సీటు మీద, ఊటీలో మాత్రం రెండే గంటలు. పిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే అది శిక్షే. పొద్దున రైల్లో ఎక్కి, సాయంత్రం బస్సులో దిగడం మేలు. ఊటీ హడావుడి వద్దనుకుంటే కూనూరులోనే దిగి 1874 నాటి సిమ్స్ పార్కులో మధ్యాహ్నం గడపవచ్చు.

మెట్టుపాళయం కోయంబత్తూరుకు 35 కిలోమీటర్ల పైచిలుకు దూరం. విజయవాడ నుంచి కోయంబత్తూరుకు నేరుగా రైళ్లున్నాయి. 7:10 బండి కావాలంటే ముందు రాత్రి ఆ చుట్టుపక్కలే బస చేయాలి. చెన్నై నుంచి నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి నేరుగా మెట్టుపాళయంలోనే దిగుతారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. బోగీలు తక్కువ, సెలవుల్లో సీట్లు వెంటనే అయిపోతాయి. వెతికేటప్పుడు ఊటీ పేరు దొరక్కపోతే ఉదగమండలం అని చూడండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు కొండచరియలు విరిగి కింది భాగంలో రైళ్లు తరచూ రద్దవుతాయి. ఆ నెలల్లో ఈ ఒక్క రైలు కోసమే ప్రయాణం పెట్టుకోకండి. వెళ్లే ముందు వేళలు ఒకసారి సరిచూసుకోండి. ఒక్క టికెట్టే దొరికే పరిస్థితి వస్తే మెట్టుపాళయం నుంచి పైకి ఎక్కేదే తీసుకోండి.